పిల్లలకి ప్రశ్న నేర్పితే దణ్ణం పోతుందా?

టెక్సస్‌లో పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునేవాళ్ళకి చట్టం పెట్టే షరతులు చాలా తక్కువ. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరులుగా మెలగడం, ఈ అయిదూ నేర్పితే చాలు. 1994లో ఇక్కడి సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఇంటి బడిని ప్రైవేటు బడి కిందే జమకట్టింది. ఆ అయిదింటిలో చరిత్ర లేదు. కాబట్టి మా పిల్లలకి చరిత్ర చెప్పాలా వద్దా, చెబితే ఏ పుస్తకంతో, ఏ పద్ధతిలో అన్నది పూర్తిగా మా ఇంటి నిర్ణయం. లెక్కల పుస్తకం ఎంచుకోవడానికి మాకు ఒక సాయంత్రం పట్టింది. చరిత్ర దగ్గర మాత్రం నెలలు గడిచాయి, ఇంట్లో వాదనలు జరిగాయి. చివరికి మేం తేల్చుకోవలసి వచ్చింది పుస్తకం సంగతి కాదు, మనకి ఏదైనా ఎలా తెలుస్తుంది, ఎవరి మాట నమ్మాలి అన్న సంగతి.

మేం ఉండేది డాలస్ పక్కన ప్లేనోలో. పెద్దదానికి 11 ఏళ్ళు, చిన్నాడికి 8. మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఆవిడ పుట్టి పెరిగింది ధరణికోటలో, అమరావతి పక్కనే. పిల్లలకి పంచారామాల కథ ఆవిడ నోటినుంచే వచ్చింది. తారకాసురుడి మెడలోని ఆత్మలింగాన్ని కుమారస్వామి అయిదు ముక్కలు చేస్తే, అందులో ఒకదాన్ని దేవేంద్రుడు కృష్ణ ఒడ్డున ప్రతిష్ఠించాడని, అదే అమరేశ్వరుడని, ఆ లింగం పెరిగిపోతుంటే మేకు కొడితే నెత్తురు వచ్చిందని. చిన్నాడు ఈ కథని ఎన్నిసార్లయినా వింటాడు.

దొరికే చరిత్ర పుస్తకాలు ముఖ్యంగా రెండు రకాలుగా కనిపించాయి. ఒక రకం కథ చెబుతుంది. సూసన్ వైజ్ బవర్ రాసిన 'ది స్టోరీ ఆఫ్ ది వరల్డ్' నాలుగు సంపుటాలు అలాంటివి, ప్రాచీనకాలంనుంచి మన కాలందాకా వరసగా నడుస్తాయి, పైకి చదివి వినిపించడానికి హాయిగా ఉంటాయి. రెండో రకం కథ చెప్పదు, ప్రశ్న వేసి పాత కాగితాలు చేతికిస్తుంది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో సామ్ వైన్‌బర్గ్ బృందం తయారుచేసి ఉచితంగా పెట్టిన 'రీడింగ్ లైక్ ఎ హిస్టోరియన్' పాఠాలు ఈ రెండో తోవకి పేరుపడ్డవి. వాటి వెనక ఒక పరిశోధన ఉంది. 1991లో వైన్‌బర్గ్ 8 మంది చరిత్రకారులకీ, 8 మంది హైస్కూలు పిల్లలకీ అమెరికా స్వాతంత్ర్యయుద్ధం మొదలైన లెక్సింగ్టన్ పోరాటం మీద ఒకే కాగితాల కట్ట ఇచ్చి చదవమన్నాడు. పిల్లలు మొదటి వాక్యంనుంచి చివరి వాక్యందాకా చదువుకుంటూ పోయారు. చరిత్రకారులు ముందు అడుగుకి పోయి రాసినవాడి పేరు, తేదీ చూసుకుని అప్పుడు పైకి వచ్చారు. ఉన్నవాటిలో పాఠ్యపుస్తకాన్ని పిల్లలు బాగా నమ్మారు, చరిత్రకారులు బొత్తిగా నమ్మలేదు.

ఇది చదివాక నాకు రెండో తోవ నచ్చింది. మా ఆయన ఒప్పుకున్నారు. అత్తయ్యగారు కొన్నాళ్ళు విని, ఒకరోజు వంటింట్లో అడిగారు: "ఎవరు చెప్పారు, నీకెలా తెలుసు అని అడగడం నేర్పుతున్నావు, బాగానే ఉంది అమ్మాయ్. అన్నిటికీ అదే అడుగుతుంటే వీళ్ళు దణ్ణం పెట్టుకోవడం ఎప్పుడు నేర్చుకుంటారు?"

దానికి నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. అది పాతకాలపు భయం కాదు. మా ఇంటి బడి బృందంలో క్రైస్తవ తల్లులు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒకామె నన్ను సరిగ్గా ఇదే అడిగింది, నోవహు ఓడ గురించి. ఆమె వాడే పుస్తకం ప్రపంచ చరిత్రని 6,000 ఏళ్ళ కిందటి సృష్టితో మొదలుపెడుతుంది. మనవాళ్ళు కొందరు పంపే పుస్తకాలు గ్రహాల లెక్కలు కట్టి కురుక్షేత్ర యుద్ధం ఫలానా రోజున మొదలైందని చెబుతాయి. ఈ రెండు రకాలూ నేను పక్కన పెట్టాను. భక్తి తక్కువై కాదు. దేవుడి కథకి తేదీ వేసి రుజువు చూపించబోతే, ఆ రుజువు చెదిరిన రోజున పిల్లవాడు దేవుణ్ణి కూడా వదిలేస్తాడు. తేదీమీద నిలబడని దాన్ని తేదీమీద నిలబెట్టడం ఎందుకు?

స్టాన్‌ఫోర్డ్ పాఠాల్లో మేం మొదట చేసింది పోకహాంటస్‌ది. 1607 చివర్లో వర్జీనియాలో పౌహాటన్ అనే ఆదివాసీ నాయకుడి మనుషులు ఇంగ్లీషు వలసదారు జాన్ స్మిత్‌ని పట్టుకున్నారు. తల పగలగొట్టబోతుంటే నాయకుడి కూతురు పోకహాంటస్ అడ్డుపడి కాపాడిందని స్మిత్ రాశాడు. అయితే ఆ కథ వివరంగా ఉన్నది 1624లో అచ్చయిన పుస్తకంలో. సంఘటన జరిగిన మరుసటేడు, 1608లో అచ్చయిన అతని మొదటి రాతలో పౌహాటన్ దయగా చూసుకున్నాడనే ఉంది గాని, ప్రాణం కాపాడిన అమ్మాయి లేదు. 1624 నాటికి పోకహాంటస్ లేదు, పౌహాటన్ లేడు. ఆమె 1617లో ఇంగ్లండులోని గ్రేవ్‌సెండ్‌లో చనిపోయింది, ఆయన మరుసటేడు. కాదని చెప్పగలిగిన ఇద్దరూ పోయాక అచ్చయిన కథ అన్నమాట.

పెద్దది ఒక్క క్షణం ఆగకుండా తీర్పు చెప్పేసింది: "అబద్ధమమ్మా. మొదట రాయలేదుగా."

ఈ చోట పాఠం పక్కన పెట్టి మన మీమాంసకుల దగ్గరికి వెళ్ళాను. కుమారిలభట్టు సంప్రదాయంవాళ్ళు, తరవాత అద్వైతులు, అనుపలబ్ధి అని ఒక ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. కనిపించకపోవడం కూడా తెలుసుకోవడానికి ఒక దారే. కాని దానికో షరతు పెట్టారు. ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే కనిపించి తీరవలసినదై ఉండాలి. వెలుతురున్న గదిలో బల్లమీద కుండ కనిపించకపోతే కుండ లేదనవచ్చు, చీకటి గదిలో కనిపించకపోతే అనడానికి వీల్లేదు. ఇదంతా దానికి చెప్పి, 1608 రాత వెలుతురున్న గదా, చీకటి గదా చూసి రమ్మన్నాను. రెండు రోజులు చూసింది. ఆ రాత స్మిత్ రాసిన ఉత్తరమని, అతనికి తెలియకుండానే లండన్‌లో అచ్చువేశారని, అచ్చువేయించినవాడే ముందుమాటలో ఇంకొంత రాత ఉందని, అది బయటపెట్టదగింది కాదని తీసేశానని ఒప్పుకున్నాడని పట్టుకొచ్చింది. గది సగం చీకటి. దాంతో అది 'అబద్ధం' అన్న మాట కొట్టేసి, 'అనుమానమే, కాని తేల్చలేం' అని రాసుకుంది. ఆ దిద్దుబాటు చూసి నాకు కలిగిన సంతోషం ఇంకే మార్కుల కాగితం చూసినా కలగలేదు.

ఆ వెంటనే అది అడిగింది నన్ను ఇంకా ఆలోచింపజేసింది. పౌహాటన్ కూటమిలోని మాటపోనీ జాతివాళ్ళు తరతరాలుగా నోటిమాటగా కాపాడుకున్న కథనం 2007లో పుస్తకంగా వచ్చింది. అలా కాపాడిన సంఘటన జరగలేదని, ఆ వయసు పిల్లలు అలాంటి తంతులో ఉండరని వాళ్ళు చెబుతారు. "స్మిత్ ఒక్కడు రాస్తే సాక్ష్యం, వాళ్ళ నాయనమ్మలందరూ చెబితే కథా?" అంది పెద్దది.

అత్తయ్యగారి ప్రశ్నా, ఈ ప్రశ్నా ఒకటే అని నాకు అప్పుడు అర్థమైంది.

మన తర్కశాస్త్రంవాళ్ళు, అంటే నైయాయికులు, ఈ పేచీని చాలాకాలం కిందటే విచారించారు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని వాళ్ళకి నాలుగు ప్రమాణాలు. ఇంకొకరు చెప్పగా తెలుసుకోవడాన్ని వాళ్ళు తక్కువరకం జ్ఞానంగా చూడలేదు, చూపుతో సమానంగా నిలబెట్టారు. కాకపోతే ఆ చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి. అంటే విషయాన్ని తాను సరిగ్గా ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలని కోరేవాడు. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా సమానమేనని వాత్స్యాయనుడు న్యాయసూత్రాల భాష్యంలో చెప్పాడు. నేను చదివినవాటిలో నన్ను ఇంతగా కదిలించిన మాట తక్కువ. నమ్మకానికి కులం లేదు, దేశం లేదు, అర్హత ఉంది.

ఐతిహ్యం మీదా వాళ్ళ మాట సూటిగా ఉంటుంది. మొదట ఎవరన్నారో తెలియకుండా నోటినుంచి నోటికి వచ్చే మాట ఐతిహ్యం. ఈ మర్రిమీద యక్షుడున్నాడట అన్నది దానికి వాడుకలో ఉన్న ఉదాహరణ. న్యాయసూత్రాలు రాసిన గౌతముడు దాన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోలేదు, కొట్టివేయనూ లేదు, శబ్దంలో కలిపాడు. మూలంలో ఆప్తుడుంటే ప్రమాణం, లేకపోతే కాదు. మన ఆంధ్రుడు అన్నంభట్టు మొదటిమెట్టు పిల్లలకోసమే రాసిన తర్కసంగ్రహంలో కూడా ఆప్తవాక్యం ఇలాగే వస్తుంది. పాఠశాలకి కొత్తగా వచ్చిన పిల్లవాడు నేర్చుకునేది ఇది. నమ్మడం తప్పనీ చెప్పరు, అన్నీ నమ్మమనీ చెప్పరు.

కాబట్టి ప్రశ్న వేయడమంటే పెద్దల్ని శంకించడం కాదు. ఎవరిమాట తీసుకోవాలో, ఎంతమేరకు తీసుకోవాలో తెలుసుకోవడం. మాటపోనీ నాయనమ్మలు స్మిత్‌కన్నా తక్కువ సాక్షులు కారు. స్మిత్‌ని అడిగే ప్రశ్నలే వాళ్ళనీ అడగాలి, వాళ్ళని అడిగేవే స్మిత్‌నీ.

నైయాయికుల దగ్గరినుంచే పుస్తకాలు వడబోయడానికి నాకో గీటురాయి దొరికింది. చర్చని వాళ్ళు మూడు రకాలుగా విడదీశారు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడమే పనిగా చేసేది వితండం. 'పరిశోధన పద్ధతి' అని అట్టమీద వేసుకున్న పుస్తకాల్లో చాలావాటిని విప్పి చూస్తే లోపల ఉన్నది జల్పమో, వితండమో. ఒక పుస్తకంలో ప్రశ్న పిల్లలకిస్తారు, జవాబు మాత్రం తల్లి కోసం ఇచ్చిన పుస్తకంలో ఒకే వాక్యంగా ముందే రాసి ఉంటుంది. పిల్ల వెతుకుతున్నట్టు నటించాలి అంతే. ఇంకొకదాంట్లో ప్రతి సాక్షీ స్వార్థపరుడే, ప్రతి పాఠం చివరా పెద్దమనిషి ఒకడు పడిపోతాడు. ఆ పుస్తకం పూర్తిచేసిన పిల్ల తెలివైనదానిలా మాట్లాడుతుంది, ఏదీ తెలియదు. అందుకని నేనిప్పుడు ఏ పాఠ్యక్రమమైనా మొదట తల్లి పుస్తకమే తెరుస్తాను. రాసినవాడి పేరూ, తేదీ ప్రతి కాగితానికీ ఉన్నాయా, కుదించిన పాఠంతోబాటు అసలుపాఠం ఇచ్చారా, 'దీన్ని తేల్చలేం' అన్న జవాబుకి చోటుందా అని చూస్తాను. మూడోది లేకపోతే తిప్పి పంపేస్తాను.

బౌద్ధుల కాలామ సూత్రం గురించి కూడా ఇక్కడ ఒక మాట అనుకోవాలి. దేన్నీ నమ్మవద్దని బుద్ధుడు చెప్పినట్టు దాన్ని చాలామంది వాడతారు. అందులో పరంపరనిబట్టి, గ్రంథాన్నిబట్టి నమ్మవద్దని ఉన్నమాట నిజం. ఒట్టి తర్కాన్నిబట్టీ నమ్మవద్దని, జ్ఞానులు దేన్ని మెచ్చుకుంటారో చూసుకోమని కూడా ఉంది. సగం చదివితే వితండం అవుతుంది, మొత్తం చదివితే బాధ్యత అవుతుంది.

ఇక అమరావతి. కిందటి ఎండాకాలం వెళ్ళడానికి ముందు పెద్దది ఎక్కడో చదివి నాయనమ్మకి వినబడేలా అంది, అమరేశ్వర లింగం అసలు బౌద్ధ స్తూపంలోని స్తంభమట అని. కొందరు పండితులు ఆ మాట అన్నారు, నిజమే. ఆంధ్ర స్తూపాలకి నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలుండేవి. గుడి ఉన్నది అమరావతి మహాస్తూపానికి దగ్గరలోనే, లింగం తెల్లగా, అర్చకులు పైకెక్కి అభిషేకం చేయవలసినంత ఎత్తుగా ఉంటుంది. అత్తయ్యగారి ముఖం చూసి మా ఆయన విషయం మార్చబోయారు. నేను మార్చనివ్వలేదు. ఈ పద్ధతి స్మిత్‌కి పనికొచ్చి మన గుడికి పనికిరాకపోతే, అది పద్ధతి కాదు, పరాయివాళ్ళమీద వాడే ఆయుధం.

సాక్ష్యాలు ముందేసుకున్నాం. ఆకారం, రంగు, దగ్గరతనం, ఇవి ఊహకి చోటిస్తాయి, నిర్ధారణకి చాలవు. పూజలో ఉన్న లింగాన్ని కొలిచి పరీక్షించేవాళ్ళు లేరు. స్తూపం చూద్దామంటే, 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కడుతున్నప్పుడే స్తూపపు దిబ్బలోని రాళ్ళు ఇళ్ళకి తరలిపోయాయి, మిగిలిన శిల్పాలు కొన్ని మద్రాసుకీ, కొన్ని 1859లో లండన్‌కీ వెళ్ళాయి. గది చాలావరకు చీకటే.

కాని ఆ గుడిలోనే ఒక స్తంభం ఉంది. 1182లో కోట వంశపు రెండో కేతరాజు దానిమీద శాసనం వేయించాడు. శాసన పండితుడు హుల్ట్‌ష్ ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల సంపుటిలో దాన్ని ప్రకటించాడు. అందులో ధాన్యకటకాన్ని (ధరణికోట పాతపేరు) పొగుడుతూ, అక్కడ దేవేంద్రుడు పూజించిన అమరేశ్వరుడున్నాడనీ, పక్కనే బుద్ధదేవుడున్నాడనీ, రకరకాల శిల్పాలతో అలంకరించిన ఎత్తయిన చైత్యం ఉందనీ చెబుతాడు. ఆ బుద్ధుడికి ఊళ్ళూ, దీపాలూ ఇస్తాడు. శివుడి గుడిలోని స్తంభంమీద బుద్ధుడికిచ్చిన దానం!

దీన్ని చదివి పెద్దది చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మూడు సంగతులు రాసుకుంది. ఇంద్రుడు పూజించాడన్న నాయనమ్మ మాట ఆవిడ కల్పించింది కాదు, కనీసం 1182 నాటికే రాతిమీద ఉంది. ఆ నాటికి గుడీ, చైత్యం రెండూ నిలబడి ఉన్నాయి, ఒకే రాజు రెండింటికీ మొక్కాడు. లింగం అంతకుముందు ఏమిటన్నది ఈ రాయి చెప్పడం లేదు.

"మరి తారకాసురుడు నిజంగా ఉన్నాడా?" అని అడిగాడు చిన్నాడు. ఆ ప్రశ్నకి ఈ పద్ధతి దగ్గర చెప్పడానికేమీ లేదన్నాను. తేదీ ఉన్న సాక్షి లేని చోట చరిత్ర మాట్లాడదు. అది మాట్లాడకపోతే లేదని అన్నట్టు కాదు, ఉందని అన్నట్టూ కాదు. ఆ కథ దేన్ని గురించి చెబుతోందో నాయనమ్మని అడుగు, ఎప్పుడు జరిగిందని అడక్కు అన్నాను.

అత్తయ్యగారు లింగం సంగతికి ఇచ్చిన జవాబు నేను ఊహించనిది. "ప్రతిష్ఠ చేయకముందు ఏ లింగమైనా రాయేగా అమ్మాయ్. గనిలోంచి వచ్చిందో, ఇంకోచోటినుంచి వచ్చిందో. మనం దణ్ణం పెట్టేది రాయి పుట్టుకకి కాదుగా." పుస్తకాలు తిరగేసిన నాకన్నా ఆవిడ నమ్మకం ఎక్కడ నిలబడి ఉందో ఆవిడకి బాగా తెలుసు.

అయినా అంతటితో సరిపెట్టుకోవడానికి నా మనసు ఒప్పలేదు, ఆ మాటే ఆవిడతో అన్నాను. ఒకవేళ అది ఇంకొకరి పూజలోనుంచి తీసిందే అయితే, ప్రతిష్ఠతో మన భక్తికి లోటు రాదు గాని వాళ్ళకి జరిగినదానికి జవాబు కూడా రాదు. భక్తి ప్రశ్న వేరు, న్యాయం ప్రశ్న వేరు. మొదటిది తీరితే రెండోది తీరినట్టు కాదు. ఆవిడ కాసేపు ఆలోచించి, "అది అడగాల్సిందే" అన్నారు. ఆ సాయంత్రం గుళ్ళో పిల్లలిద్దరూ అభిషేకం చూసి, దణ్ణం పెట్టుకుని, తరవాత ఆ స్తంభం దగ్గరికి వెళ్ళి అక్షరాలమీద వేళ్ళు పెట్టి వెతికారు. రెండు పనులూ వాళ్ళకి ఒకదానికొకటి అడ్డురాలేదు.

మేం చివరికి కుదుర్చుకున్నది ఇదీ. చిన్నాడికి ఇంకో రెండేళ్ళు కథలే, బవర్ పుస్తకాలూ, నాయనమ్మ పురాణాలూ. కడుపునిండా కథ వినని పిల్లవాడికి అడగడానికి ప్రశ్న పుట్టదు. పెద్దదానికి స్టాన్‌ఫోర్డ్ పాఠాలు, వాటితోబాటు మన కైఫియత్తులు. కంపెనీ సర్వేయరు మెకంజీ దొరకోసం కావలి సోదరులు ఊరూరా తిరిగి, రాయించి, పోగుచేయించిన ఊరి చరిత్రలవి. కరణాలు చెప్పినవాటిలో ఒకే కాగితంమీద కృతయుగం కథా ఉంటుంది, ఏ రాజు ఏ ఈనాం ఎవరికిచ్చాడన్న లెక్కా ఉంటుంది. చెప్పినవాడు స్వయంగా ఎరిగి ఉండగలిగినదాని కింద నీలం గీత, విన్నదాని కింద ఎర్ర గీత గీయడం దాని పని. కొన్ని వాక్యాల కింద రెండు గీతలూ పడుతున్నాయి. వాటిమీదే మా చర్చలన్నీ.

వచ్చే ఏడాదికి టెక్సస్ స్వాతంత్ర్య యుద్ధం నాటి అలమో కోట పాఠం అనుకుంటున్నాం. 1836 మార్చి 6న ఆ కోటని కాపాడినవాళ్ళలో ఒకడైన డేవీ క్రాకెట్ పోరాడుతూ చనిపోయాడా, పట్టుబడ్డాక చంపారా అన్నది టెక్సస్‌వాళ్ళకి దాదాపు దైవవిషయం. మెక్సికో సైన్యంలోని డి లా పెన్యా రాసుకున్న జ్ఞాపకాలు పట్టుబడ్డాకే చంపారంటాయి. అవి ఇంగ్లీషులో వచ్చిన 1975నుంచీ గొడవ నడుస్తూనే ఉంది. నోవహు ఓడ గురించి అడిగిన ఆ తల్లి, తన కొడుకుని కూడా ఈ పాఠానికి పంపుతానంది. ఆమె తాతలది ఇక్కడే. మన గుడిని అడిగినంత జాగ్రత్తగా, అంతే మర్యాదగా వాళ్ళ కోటనీ అడగాలని పెద్దదానికి ఇప్పటినుంచే చెబుతున్నాను.